ఐదో మనిషి

మట్టపర్తి పేర్రాజు తన నలభై తొమ్మిదేళ్ల జీవితంలో కొట్టింది ఒక్కణ్ణే. అదీ ఒక్క దెబ్బే. ఇరవై రెండేళ్లు సర్కారు బస్సు నడిపినవాడు ఒక్క చెంపదెబ్బతో సరిపెట్టుకున్నాడంటే అది మామూలు నిగ్రహం కాదని తోటి డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే చట్టానికి బస్సు నడిపిన అనుభవం లేదు. పైగా నడిమిలంక బస్టాండు గేటుకి అడ్డంగా మోటారు సైకిలు నిలిపి, హారను మోగిస్తే వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తాపీగా ఫోను మాట్లాడుకున్న ఆ పెద్దమనిషికి చెంపతో పాటు పలుకుబడి కూడా ఉంది. కేసయింది.

కోర్టులో పేర్రాజు ఏమీ దాచలేదు. "కొట్టేనండి. తప్పేనండి. బస్సులో అరవై మంది ఉన్నారండి, మే నెలండి" అన్నాడు. మేజిస్ట్రేటు గారికి ఆ మాట నచ్చింది. నెల్లాళ్లు జైలు వెయ్యాల్సిన చోట, మొదటి తప్పు కదా అని, ఏడాది పాటు ప్రొబేషన్ మీద వదిలారు. అంటే శిక్ష ఎక్కడికీ పోలేదు, ఆవిడ బల్ల సొరుగులో ఉంది. ఏడాది పాటు మనిషి బుద్ధిగా ఉంటే అది అక్కడే చెదలు పట్టిపోతుంది. ఈలోగా ఇంకో కేసు నెత్తిన పడిందా, సొరుగు తెరుచుకుంటుంది.

డిపో మేనేజరు వేణుగోపాలం గారు కూడా మంచివాడే. పేర్రాజుని సస్పెన్షన్లో పెట్టి, "ఏడాది అయ్యాక సత్ప్రవర్తన సర్టిఫికెట్ పట్టుకురండి. నీ సీటు నీకే. లేకపోతే మాత్రం ఉద్యోగం ఉండదు" అని, గౌరవమూ చనువూ కలిపేసి చెప్పాడు.

పేర్రాజుకి కావలసింది ఆ సీటే. కొత్తరేవు వెళ్లే బస్సు, దాని స్టీరింగు, ఏటిగట్టు మీద మలుపు దగ్గర ఎడమవైపు వచ్చే గాలి, అంతే. మంచం మీద కూర్చున్నా కుడికాలు నేలను తొక్కుతూ ఉండేది. భార్య సూర్యావతి బియ్యం ఏరుకుంటూ, "మంచం ఎక్కడికీ పోదులే, ఆ బ్రేకు మీంచి కాలు తియ్యి" అనేది. అతను తీసేవాడు. కాసేపటికి కాలు మళ్లీ అక్కడికే పోయేది.

బాండు మీద షరతులు మూడే. ఒకటి, ప్రతి నెలా మొదటి సోమవారం పదిన్నర లోపు జిల్లా ప్రొబేషన్ కార్యాలయంలో సంతకం పెట్టాలి. రెండు, కొత్త కేసు ఏదీ ఉండరాదు. మూడు, నేరచరితులతో సాంగత్యం చేయరాదు. జిల్లాలో ప్రొబేషన్ మీద ఉన్న తొమ్మిదిమందీ అదే సోమవారం అదే బల్ల మీద కూర్చోవాలి కాబట్టి మూడో షరతు మొదటి నెలలోనే ఇబ్బంది పెట్టింది. ప్రొబేషన్ అధికారి కొల్లూరి సత్యప్రసాదం గారు పై ఆఫీసుకి రాసి వివరణ తెప్పించారు: పక్కవాడితో మాట్లాడనంత కాలం దాన్ని సాంగత్యంగా పరిగణించనక్కర్లేదు. దాంతో తొమ్మిదిమందీ పదకొండు నెలల పాటు ఒకే బల్ల మీద, ఒకరి మొహం ఒకరు చూడకుండా, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

పదకొండు సంతకాలు అయిపోయాయి. మిగిలింది ఒక్కటి, మార్చి నెలది.

సరిగ్గా అప్పుడే రాష్ట్రమంతటా సత్ప్రవర్తన పక్షోత్సవాలు వచ్చిపడ్డాయి. నేరస్థులు మారిపోయారని నేరం చేయనివాళ్లందరికీ తెలియజెప్పడానికి పదిహేను రోజులు ర్యాలీలు చెయ్యాలట. సత్యప్రసాదం గారు ఆ సోమవారం పొద్దున్నే ఆఫీసుకి తాళం వేసుకుని, అటెండరుతో బ్యానరు పట్టించుకుని, ఊరి అవతల జరిగే ర్యాలీకి వెళ్లిపోయారు. ఆ రోజు సంతకాల రోజని ఆయనకి గుర్తుంది. పదిన్నరకి ముందే వచ్చేస్తాననుకున్నారు. ఉపన్యాసకులు నలుగురైతే వచ్చేసేవారే. పదకొండుమంది అయ్యారు.

ప్రొబేషన్ ఆఫీసు జనవరిలోనే కలెక్టరేటు నుంచి కళాశాల వీధిలోని అద్దె మేడకి మారింది. ఎదురుగా జూనియర్ కాలేజీ. మార్చిలో అందులో ఇంటర్ పరీక్షలు. పరీక్షలు జరిగే చోట వంద మీటర్ల లోపు ఐదుగురు, ఆ పైన మనుషులు ఒకచోట గుమిగూడితే నేరమని ఏటా వచ్చే ఉత్తర్వు ఆ ఏడూ వచ్చింది. మేడ వరండాకీ కాలేజీ గేటుకీ మధ్య దూరం ముప్పై ఎనిమిది మీటర్లు. అది తర్వాత కొలిస్తే తెలిసింది.

పేర్రాజు పదింటికే వచ్చాడు. తలుపుకి తాళం వేసి ఉంది. ఆఖరి సంతకం ఆలస్యమైందని రాసేస్తే ఏడాది తపస్సంతా మట్టిపాలు. ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. కోడిపుంజు తగాదాలో పక్కింటి అద్దాలు పగలగొట్టిన నూకాలమ్మ నాలుగోది. పది ఇరవై అయ్యేసరికి తొమ్మిదిమంది. అందరి మొహాల్లోనూ ఒకటే భయం.

"మనం టైముకే వచ్చేమని ఈయనకెలా తెలుత్తాది?" అంది నూకాలమ్మ, ఎవరికేసీ చూడకుండా గోడతో అంటున్నట్టు.

అప్పుడు పేర్రాజు బుర్రలో ఆలోచన మెరిసింది. ఇరవై రెండేళ్లు ట్రిప్పు షీట్లు నింపిన చెయ్యి అది. ప్రతిదానికీ టైము రాసి సంతకం చేయించడం దానికి అలవాటు. జేబులోంచి కాగితం తీసి, పైన "హాజరు పట్టీ" అని రాసి, వరుసగా తొమ్మిది పేర్లు, ఎవరు ఎన్ని గంటలకి వచ్చారో నిమిషాలతో సహా వేసి, ఎదురుగా సంతకాలు పెట్టించాడు. మొదటి పేరు తనదే. పరీక్ష రాస్తున్న పిల్లలకి ఇబ్బంది కాకూడదని అందర్నీ గోడవారగా వరుసలో నిలబెట్టాడు. గట్టిగా మాట్లాడద్దని చెప్పాడు. ఎవరూ అంతకు ముందు అంత క్రమశిక్షణగా నిలబడి ఎరగరు.

పది ఇరవై ఐదుకి ఎస్సై గోవర్ధన్ జీపు వచ్చి ఆగింది.

"ఎవరు మీరంతా?"

"నేరస్థులవండి" అంది నూకాలమ్మ, తడుముకోకుండా.

ఎస్సై జీపు దిగాడు. "ఎంతమంది?"

"తొమ్మిదిమందండి. ఇదిగోండి లిస్టు" అని పేర్రాజు రెండు చేతులతో కాగితం అందించాడు. వచ్చింది పోలీసాయన కాబట్టి సాక్ష్యానికి ఇంకా మంచిదని అతని నమ్మకం.

ఎస్సై ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పదిహేనేళ్ల సర్వీసులో చట్టవిరుద్ధంగా గుమిగూడినవాళ్లు తామంతట తామే పేర్లు రాసి, వచ్చిన టైములు వేసి, సంతకాలు పెట్టి అందించడం ఆయన చూడలేదు. ఆయనకి కళ్లు చెమర్చినంత పనయ్యింది.

"ఎవరు రాశారిది?"

"నేనేనండి" అన్నాడు పేర్రాజు. మెచ్చుకుంటాడనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రాసిన ఎఫ్ఐఆర్ చాలా రసవత్తరంగా వచ్చింది. "నమ్మదగిన సమాచారం మేరకు సిబ్బందితో వెళ్లి చూడగా, గతంలో వివిధ నేరములలో శిక్షార్హులైన తొమ్మండుగురు వ్యక్తులు పరీక్షా కేంద్రమునకు ఎదురుగా ముందస్తు పథకం ప్రకారం ఒక వరుసలో మోహరించి, నిశ్శబ్దముగా నిలబడి, ఉద్రిక్త వాతావరణం సృష్టించుచుండిరి. ముద్దాయి నంబరు ఒకటి మట్టపర్తి పేర్రాజు నాయకత్వం వహించి, సభ్యుల జాబితా నిర్వహించుచుండెను. సదరు జాబితా స్వాధీనమైనది." నిశ్శబ్దంగా నిలబడితే ఉద్రిక్తత ఎలా పుడుతుందని నూకాలమ్మ అడిగింది. తొమ్మిదిమంది నేరస్థులు నిశ్శబ్దంగా ఉన్నారంటే అంతకన్నా ఉద్రిక్తత ఏముంటుందని స్టేషను రైటరు అడిగాడు.

రెండింటికి సత్యప్రసాదం గారు స్టేషనుకి పరిగెత్తుకొచ్చారు. నెత్తిమీద పక్షోత్సవాల టోపీ ఇంకా ఉంది. లోపలికి వచ్చి తొమ్మిదిమందినీ లెక్కపెట్టుకున్నారు. మొహం వెలిగిపోయింది.

"తొమ్మిదికి తొమ్మిది! నూటికి నూరు శాతం హాజరు! శాఖాపరంగా ఇది నాకు అమితానందం కలిగిస్తున్న విషయం" అన్నారు.

"అయ్యా, మేం లాకప్పులో ఉన్నామండి" అన్నాడు పేర్రాజు.

"అది వేరే అంశం."

"మీరు రమ్మంటేనే కదండి ఒచ్చేం. బాండులో రాసుంది కదండి. ఆ మాట తమరు ఎస్సై గారితో ఒక్క ముక్క చెప్తే..."

"చెప్పడమేమిటి, రాస్తాను" అన్నారు సత్యప్రసాదం గారు, బల్ల మీద ఫారం పరిచి. "చూడు పేర్రాజూ, ఈ ఫారంలో రెండు గడులున్నాయి. విధేయత అనే గడిలో, సదరు వ్యక్తి ఆదేశానుసారం నిర్ణీత సమయానికి ముందే హాజరయ్యాడు, ప్రశంసనీయం, అని రాస్తాను. ఉల్లంఘన అనే గడిలో, సదరు వ్యక్తిపై అదే రోజు అదే స్థలంలో కొత్త కేసు నమోదైంది, ప్రొబేషన్ రద్దు చేయదగును, అని రాస్తాను. నీకు ఏ గడిలోనూ అన్యాయం జరగదు."

"రెండూ ఒకటే పనికండీ?"

"పని ఒకటే కావచ్చు. గడులు రెండు."

పేర్రాజుకి ఏడుపు రాబోయి ఆగిపోయింది. ఈ మనిషి మీద కోపం తెచ్చుకుందామంటే, ఆయన తనకి మంచి చేస్తున్నాననే నమ్మకంతోనే ఉన్నాడు. పదకొండు నెలలుగా ఆయన ఒక్కసారి కూడా కసురుకోలేదు. సంతకం పెట్టాక "శభాష్" అని కూడా అనేవారు.

సాయంత్రానికి బెయిలు వచ్చింది. కోర్టు వాళ్లు బెయిలు షరతులు అచ్చేసిన కాగితం మీద ఇస్తారు, అందరికీ అవే. రోజూ ఉదయం పది నుంచి పదకొండు మధ్య పోలీసు స్టేషనులో సంతకం పెట్టాలి. నేరం జరిగిన స్థలానికి వంద మీటర్ల లోపు అడుగు పెట్టరాదు. తోటి ముద్దాయిలను గాని, సాక్షులను గాని కలవరాదు, మాట్లాడరాదు. ఎవరికీ ఇవి కొత్త కావు.

మర్నాడు సత్యప్రసాదం గారి దగ్గర్నుంచి ఇంకో కాగితం వచ్చింది. కొత్త కేసులో ఒకటో ముద్దాయి అయిన ప్రొబేషనరు మీద పర్యవేక్షణ ముమ్మరం చేయవలెనని మాన్యువల్లో ఉందట. కాబట్టి పేర్రాజు ఇకపై రోజూ ఉదయం పది నుంచి పదకొండు మధ్య ప్రొబేషన్ కార్యాలయంలో సంతకం పెట్టాలి.

సూర్యావతి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. ఆవిడ ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "పదింటికి నువ్వు ఊరికి ఆ చివర ఉండాలి, ఈ చివర ఉండాలి. ఈ చివరకి రాకూడదు కూడాను" అంది. కాగితాలు రెండూ మడిచి, "నిన్ను సగానికి కోస్తే కుదురుద్ది" అంది. నవ్వడానికే అంది గాని ఇద్దరూ నవ్వలేదు.

లాయరు చలపతి ఉచిత న్యాయసహాయం కింద వచ్చినవాడు. కేసు కాగితాలు చూసి మురిసిపోయాడు. "ఇందులో ఇంకో అందం ఉంది పేర్రాజు గారూ. మీ కేసులో ఒకటో నంబరు సాక్షి ఎవరో చూశారా? ప్రొబేషన్ అధికారి. ఆ తొమ్మిదిమందీ నేరచరితులేనని చెప్పాల్సింది ఆయనే. ఆయన్ని మీరు కలవకపోతే ప్రొబేషన్ పోతుంది. కలిస్తే బెయిలు పోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటారండి?"

"నేనైతే పైకోర్టుకి వెళ్లమంటాను. అక్కడ తీర్పు నాలుగేళ్లలో వచ్చేస్తుంది."

పేర్రాజు చెయ్యగలిగింది చేశాడు. పదింటికి స్టేషనులో సంతకం పెట్టి, సైకిలు తొక్కుకుంటూ ఊరు దాటి, పదీ నలభై ఐదుకి కళాశాల వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర దిగేవాడు. ఎస్సై పంపిన కానిస్టేబులు అక్కడ టేపుతో కొలిచి సున్నంతో గీత గీశాడు. గీతకి ఇవతల పేర్రాజు. గీతకి అవతల వంద మీటర్ల దూరాన మేడ మీద కిటికీలో సత్యప్రసాదం గారు.

"అయ్యా! ఒచ్చేనండీ!" అని కేకేశాడు మొదటిరోజు.

"లోపలికొచ్చి సంతకం పెట్టూ!" అని ఆయన కిటికీలోంచి కేకేశారు.

"రాకూడదండీ! రిజిస్టరు కిందకి పంపిస్తారా?"

"రిజిస్టరు కార్యాలయం గడప దాటరాదూ! ఆడిట్ అభ్యంతరం!"

"మరి ఒచ్చినట్టు రాసుకోండీ!"

"సంతకం లేనిదే వచ్చినట్టు కాదూ! కానీ నువ్వు వచ్చినట్టు నాకు కనిపిస్తోందీ! ఆ మాట రిమార్కుల్లో రాస్తానూ!"

ఇలా రెండు రోజులు నడిచింది. మూడోరోజు ఎస్సై గోవర్ధన్ ఇంకో కేసు కట్టాడు. ముద్దాయి నంబరు ఒకటి, బెయిలు షరతులకు విరుద్ధంగా, సాక్షి నంబరు ఒకటిని నూరు మీటర్ల దూరము నుండి బిగ్గరగా ప్రభావితం చేయుచున్నాడు, తద్వారా ఇంటర్ విద్యార్థుల ఏకాగ్రతకు భంగం కలిగించుచున్నాడు. లెక్కల పేపరు రోజు పిల్లలు కిటికీల దగ్గర చేరి వింటున్నారన్నది నిజమే. ఆ ఏడాది లెక్కల పేపరు కన్నా పేర్రాజు సంగతే సులువుగా అర్థమైందని ఒక కుర్రాడు అన్నాడట. అది ఎంతవరకు నిజమో తెలీదు.

పన్నెండో తేదీన, బెయిలు రద్దుకీ ప్రొబేషన్ రద్దుకీ పిటిషన్లు పడ్డాక, అందరూ మేజిస్ట్రేటు గారి ముందు నిలబడ్డారు. నాడు ప్రొబేషన్ మీద వదిలినావిడే.

ప్రభుత్వ న్యాయవాది లేచి గొంతు సవరించుకున్నాడు. "యువరానర్, కోర్టు వారు ముద్దాయిని కార్యాలయానికి వెళ్లమన్నారు. కార్యాలయం బయట నిలబడమనలేదు. తలుపు తాళం వేసి ఉన్నప్పుడు లోపలికి వెళ్లడం సాధ్యం కాదు కాబట్టి వెనుదిరిగి ఉండాల్సింది."

"వెనుదిరిగితే గైరుహాజరు కాదా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"నిస్సందేహంగా గైరుహాజరే, యువరానర్. దానికి వేరే పిటిషన్ వేసి ఉండేవాళ్లం."

"అయితే నిలబడటం తప్పెలా అయింది?"

"నిలబడటం తప్పు కాదు. నలుగురు ఉన్నంతసేపు వాళ్లు ఉత్తమ పౌరులే. పదీ పద్నాలుగుకి ఐదో మనిషి వచ్చాడు. ఆ క్షణాన మొదటి నలుగురూ విషయం గ్రహించి చెదిరిపోవాల్సింది. ముద్దాయి రాసిన జాబితాలోనే ఆ నిమిషం నమోదై ఉంది. అంటే నేరం ఎప్పుడు మొదలైందో ముద్దాయికి తెలుసు. తెలిసి కూడా ఆరో మనిషి పేరు రాశాడు."

కోర్టు హాలులో ఎవరో దగ్గారు. మేజిస్ట్రేటు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ మొహంలో నవ్వు లేదు. కాగితాలు మాత్రం ఒకటికి నాలుగుసార్లు తిరగేశారు. ఏ కాగితంలోనూ తప్పు లేదు. ఉత్తర్వు సక్రమంగా ఉంది, బాండు సక్రమంగా ఉంది, బెయిలు షరతుల కింద ఆవిడ సంతకమే ఉంది.

"నువ్వేమైనా చెప్పుకుంటావా?" అన్నారు.

పేర్రాజు బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటి దగ్గర సూర్యావతి నేర్పి పంపిన మాటలన్నీ మర్చిపోయాడు.

"నేను కొట్టినమాట నిజవేనమ్మా. ఆ రోజూ చెప్పేను, ఇప్పుడూ చెప్తన్నాను. దానికి తమరు ఏడాది బుద్ధిగా ఉండమన్నారు. బుద్ధిగా ఉండటానికి నాకేం కష్టం లేదమ్మా. ఎక్కడుండాలో తెలవట్లేదు. ఫలానా చోట నిలబడు, అక్కడుంటే ఏ తప్పూ అవదు అని ఒక్క చోటు చూపించండి. ఏడాది నిండటానికి పంతొమ్మిది రోజులే కదమ్మా. తిండి లేకపోయినా అక్కడే నిలబడతాను. నా బండి నాకు కావాలమ్మా."

మేజిస్ట్రేటు గారు ప్రభుత్వ న్యాయవాదినీ, ఎస్సైనీ, సత్యప్రసాదం గారినీ చూసి, "అరగంట టైము ఇస్తున్నాను. ఇతను అన్ని షరతులకీ లోబడి ఉండగలిగే చోటు ఈ జిల్లాలో ఎక్కడుందో మీ ముగ్గురూ కలిసి చెప్పండి" అన్నారు.

ముగ్గురూ వరండాలో బల్ల దగ్గర చేరారు. జిల్లా పటం తెప్పించారు. పోలీసు స్టేషనుకి దగ్గరగా ఉండాలి, కళాశాల వీధికి దూరంగా ఉండాలి, పరీక్షా కేంద్రాలు దరిదాపుల్లో ఉండరాదు, సాక్షులు తారసపడరాదు, ప్రతిరోజూ సంతకం తీసుకునే ప్రభుత్వోద్యోగి ఉండాలి, ఆ సంతకం రెండు శాఖలకీ చెల్లాలి. ముగ్గురూ ఒక్కొక్క ఊరే కొట్టేసుకుంటూ వచ్చారు. ఇరవై నిమిషాలకి సత్యప్రసాదం గారు బల్ల మీద చరిచారు. ఆయన కనిపెట్టారు. అందరికన్నా ఎక్కువ సంతోషం ఆయనదే.

"యువరానర్, సబ్ జైలు" అన్నారు లోపలికి వచ్చి. "అన్ని షరతులూ అక్కడ నూటికి నూరు శాతం నెరవేరుతాయి. పొద్దున పదింటికి జైలరు హాజరు సంతకం తీసుకుంటారు. దాని నకళ్లు మా శాఖకీ, పోలీసు శాఖకీ పంపుతారు. కొత్త నేరం చేసే అవకాశం కూడా బహు స్వల్పం."

"మరి బాండులో మూడో షరతు? అక్కడ ఉండేది నేరస్థులే కదా?" అన్నాడు లాయరు చలపతి.

"ప్రభుత్వ వసతిలో సహనివాసం సాంగత్యం కిందకి రాదని మా శాఖ వివరణ ఉంది" అన్నారు సత్యప్రసాదం గారు, ఫైలు తెరిచి.

మేజిస్ట్రేటు గారు కలం అందుకున్నారు. తర్వాత పేర్రాజు వైపు చూసి, మామూలు గొంతుతో, కోర్టు భాష కాకుండా, "చూడవయ్యా, ఈ గుమిగూడిన కేసులో నీ బెయిలు రద్దు చేసి ముప్పై ఒకటో తేదీ దాకా రిమాండుకి పంపుతాను. ప్రొబేషన్ రద్దు పిటిషన్ ఆ తేదీకి వాయిదా వేస్తాను. ఈలోగా షరతు తప్పకపోతే నీ ఏడాది పూర్తయిపోతుంది, సర్టిఫికెట్ వస్తుంది. నీకు నేను చెయ్యగలిగింది ఇంతే. ఒప్పుకుంటావా?" అన్నారు.

నెల్లాళ్ల జైలు తప్పించుకోవడానికి ఏడాది బుద్ధిగా ఉన్న మనిషి, ఆ బుద్ధిని కాపాడుకోవడానికి పంతొమ్మిది రోజులు జైలుకి వెళ్లడానికి చేతులెత్తి దండం పెట్టాడు. సూర్యావతి వెనక బల్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

జైల్లో పేర్రాజు హాయిగా ఉన్నాడు. అబద్ధమెందుకు, ఆ ఏడాదిలో అతను నిశ్చింతగా నిద్రపోయింది అక్కడే. ఎటు తిరిగినా గోడే కాబట్టి గీత దాటుతానన్న భయం లేదు. పదింటికి సంతకం, పన్నెండింటికి అన్నం. జైలరు అతన్ని చూసి ముచ్చటపడి, వంటసామాను తెచ్చే వ్యాను గేర్లు సరిగ్గా పడటం లేదంటే చూడమన్నాడు. పేర్రాజు క్లచ్చి సరిచేశాడు గాని, స్టీరింగు ముందు కూర్చోమంటే వద్దన్నాడు. అది ఏ గడిలోకి వస్తుందో తెలీదు కదా అన్నాడు.

ముప్పై ఒకటిన ఏడాది పూర్తయ్యింది. రద్దు పిటిషన్ చెల్లకుండా పోయింది. గుమిగూడిన కేసు మాత్రం, కేకల కేసుని కూడా కలుపుకుని, కేసుగా మిగిలింది, దాని వాయిదాలు దానివి. జైలు గేటు దగ్గరికి సత్యప్రసాదం గారే స్వయంగా వచ్చి, పూలదండ వేసి, సత్ప్రవర్తన సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. పక్కన ఫోటోగ్రాఫరు. "గత పందొమ్మిది దినములలో సదరు వ్యక్తి ప్రవర్తన రాష్ట్రంలోనే ఆదర్శప్రాయం" అని అందులో ఉంది. పక్షోత్సవాల్లో తన జిల్లాకి ప్రథమ స్థానం వచ్చిందనీ, ఇదే పద్ధతి మిగతా ఎనిమిదిమందికీ అమలు చేయాలని పైకి ప్రతిపాదన పంపాననీ ఆయన చెప్పారు. పేర్రాజు సర్టిఫికెట్ కళ్లకద్దుకున్నాడు. ఆ దండ వేసుకునే డిపోకి బయల్దేరాడు.

వేణుగోపాలం గారు సర్టిఫికెట్ ఒకటికి రెండుసార్లు చదివాడు. లేచి చెయ్యి కలిపాడు.

"అద్భుతం పేర్రాజూ. ఇంత మంచి సర్టిఫికెట్ నా సర్వీసులో చూడలేదు. మాటంటే మాటే. నీ సస్పెన్షన్ ఈ రోజుతో ఎత్తేస్తున్నాను" అని అక్కడికక్కడే ఆర్డరు మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు.

పేర్రాజుకి కళ్లు మసకబారాయి. కిటికీలోంచి యార్డు కనిపిస్తోంది. కొత్తరేవు బస్సు కడుగుతున్నారు. "బండి ఇయ్యాలే తీసుకోమంటారా సార్?" అన్నాడు.

"కూర్చో" అన్నాడు వేణుగోపాలం గారు. సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. "ఉద్యోగి నలభై ఎనిమిది గంటలకి మించి కస్టడీలో ఉంటే, దానంతటదే సస్పెన్షన్ అయినట్టు లెక్క. రూలు. నువ్వు పంతొమ్మిది రోజులున్నావు. అందుకని పన్నెండో తారీకు నుంచి నిన్ను కొత్తగా సస్పెండు చేస్తూ ఇదిగో ఆర్డరు. ఇక్కడ అందినట్టు సంతకం పెట్టు."

"సార్, ఆ పంతొమ్మిది రోజులూ నేను ఈ సర్టిఫికెట్ కోసమే కదండి ఉన్నాను."

"నాకు తెలీదా? అందుకే సర్టిఫికెట్ని గౌరవించి పాతది ఎత్తేశాను. ఇది కొత్తది" అని, అతని మొహం చూసి ఆయనకి నిజంగానే జాలేసి, భుజం తట్టాడు. "దిగులు పడకు. కేసు చిన్నదే. తేలాక చూద్దాం. నీ ప్రవర్తన ఇంత బాగుంది కాబట్టి దాంట్లో కూడా నిన్ను ప్రొబేషన్ మీదే వదుల్తారు."

పేర్రాజు సంతకం పెట్టాడు. దండ తీసి మడిచి సంచీలో పెట్టుకున్నాడు. బయటికి వచ్చి యార్డులో ఎండలో కాసేపు నిలబడ్డాడు. అతనికి ఎవరిని తిట్టాలో తోచలేదు, ఎందుకంటే ఒక్కరూ చెడ్డవాళ్లు కారు. ఆ సంగతే అతనికి అన్నిటికన్నా కష్టంగా అనిపించింది.

కొత్తరేవు బస్సు స్టార్టయింది. కొత్త డ్రైవరు రెండో గేరు వెయ్యడానికి అవస్థపడుతుంటే ఆ చప్పుడు పేర్రాజు పళ్ల మీద రాసినట్టయింది. బస్సు అతని పక్కన ఆగింది.

"ఎక్కు బాబాయ్, మీ వీధి చివర దింపేస్తాను" అన్నాడు డ్రైవరు.

పేర్రాజు రాడ్డు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అలవాటుగా లోపలికి చూశాడు. డ్రైవరు, కండక్టరు, వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు. అతను ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాడు.

"నువ్వు పదరా" అని కాలు కిందకి దించాడు. "నేను నడిచొత్తాను."